బానెట్ కింది ఎండాకాలం

లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే కనీసం పదకొండు వేల లీటర్ల గాలి కావాలి. లెక్క తేలికే. లీటరు డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు. ఒక్కో గ్రాముకు పద్నాలుగున్నర గ్రాముల గాలి ఖర్చవుతుంది. మొత్తం 12 కిలోలు. మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో ఘనమీటరు గాలి తూగేది కిలో మీద యాభై గ్రాములే. భాగించి చూడండి, పదకొండు ఘనమీటర్లు దాటుతుంది. బరువును బట్టి చూస్తే ఇంజిన్‌కు గాలి అన్నం, డీజిల్ నంజుడు. బంకులో నంజుడికి డబ్బు కట్టేసి, అన్నం సంగతి మరిచిపోతాం.

పాత బండి ఉన్నవాళ్లకు ఆ సంగతి గుర్తొచ్చేది పికప్ తగ్గినప్పుడు. చార్మినార్‌కు దక్షిణాన, శాలిబండ, సుల్తాన్‌షాహీల పక్కనుండే మొఘల్‌పురా లాంటి బస్తీల్లో టయోటా క్వాలిస్‌లు ఇంకా కనిపిస్తాయి. ఆ బండి 2000లో మన దేశంలోకి వచ్చింది. బెంగళూరు దగ్గరి బిడదిలో తయారైంది. 2005లో ఇన్నోవాకు చోటిచ్చి తప్పుకుంది. పెళ్లివారిని, హైటెక్ సిటీ రాత్రి ఉద్యోగులను, ఎయిర్‌పోర్టు సామాన్లను మోసి మోసి పేరు తెచ్చుకుంది. దాన్ని ఎస్‌యూవీ అనాలా, వద్దా అన్న వాదన ఇక్కడ పెట్టుకోను. ఎత్తుగా ఉంటుంది, ఎనిమిది మందిని ఎక్కించుకుంటుంది, వీధికి అది పెద్ద గాడీయే. ఇంజిన్ 2446 సీసీ డీజిల్, 75 హార్స్‌పవర్, టర్బో లేదు. టర్బో లేకపోవడమే ఈ అధ్యాయానికి ముఖ్యం. గాలిని లోపలికి తోసే యంత్రం ఏదీ లేదు గనుక, వాతావరణం ఎంత ఇస్తే అంతే పీల్చుకుంటుంది.

"బండి గుంజుతలేదు భాయ్" అని మెకానిక్ దగ్గరికి వెళ్తే ఒక సలహా తరచుగా వినిపిస్తుంది: "గరం హవా తీసుకుంటుంది సాబ్. డబ్బా తీసేద్దాం, పైపు ముందుకు పెడ్దాం." డబ్బా అంటే కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ పెట్టె. దాని స్థానంలో మూడంగుళాల పైపు, రెండు రబ్బరు ఎల్బోలు, నాలుగు క్లాంపులు, చివర శంఖు ఆకారపు ఫిల్టరు వస్తాయి. ఇంగ్లిషు పేరు కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఒక పూట తిరిగితే సామాను దొరుకుతుంది. చేత్తో బండి కట్టుకోవడం పాతబస్తీకి కొత్త కాదు. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం నడుపుతున్న కె. సుధాకర్ అతి పెద్ద మూడు చక్రాల సైకిల్ కట్టి 2005లో గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆయన తుక్కులోంచి కార్లను కట్టిన ఊళ్లో గాలి పైపు ఒక లెక్క కాదు. ఆ పైపు ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నదే అసలు ప్రశ్న.

చల్లని గాలి ఎందుకు మంచిదో 1780ల్లోనే ఫ్రాన్సులో జాక్ షార్ల్ కనిపెట్టాడు. హైడ్రోజన్ బెలూన్ ఎక్కి ఆకాశంలో తిరిగినవాడు. పీడనం మారకుండా ఉంటే, వాయువు వేడెక్కిన కొద్దీ ఉబ్బుతుందని ఆయన గమనించాడు. తను అచ్చు వేయించలేదు. 1802లో గే-లుసాక్ ఆయన పేరు చెప్పి ప్రకటించాడు. ఉబ్బిన గాలిలో లీటరుకు ఆక్సిజన్ తక్కువ. సిలిండర్ పీల్చేది లీటర్ల లెక్కన, డీజిల్‌కు కావలసింది గ్రాముల లెక్కన. చిక్కంతా అక్కడే ఉంది.

ఉష్ణోగ్రతను ఇక్కడ సెల్సియస్‌లో కాదు, దానికి 273 కలిపి కెల్విన్‌లో చూడాలి. బయట 42 డిగ్రీలు, అంటే 315 కెల్విన్. ట్రాఫిక్‌లో నిలబడ్డ బండి బానెట్ కింద గాలి 65 డిగ్రీలుందనుకుందాం, అంటే 338. మొదటి దాన్ని రెండోదానితో భాగిస్తే 0.93. బానెట్ కింది గాలి పీలిస్తే ఇంజిన్‌కు ఏడు శాతం ఆక్సిజన్ తక్కువ అందుతుంది. ఇది కాక ఊరి ఎత్తు కోత ఒకటుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద దొరికే గాలి పీడనంలో దాదాపు ఆరు శాతం ఇక్కడ పుట్టుకతోనే తక్కువ. దానికి ఏ పైపూ మందు కాదు. ఉష్ణోగ్రత విషయంలో మాత్రం ఏదో చేయవచ్చు. సలహా ఇచ్చిన మెకానిక్ ఆలోచనలో తప్పులేదు.

ఏడు శాతం ఆక్సిజన్ పెరిగితే ఏడు శాతం బలం పెరుగుతుందా? పెరగదు. చల్లని గాలి మానిఫోల్డు, వాల్వులు దాటి సిలిండర్‌కు చేరేలోపు ఆ వేడి లోహాల మధ్య కొంత వేడెక్కుతుంది. అందుకే ఇంజిన్ సామర్థ్యాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1585, పెట్రోలు ఇంజిన్ల విషయంలో ఉష్ణోగ్రతల నిష్పత్తిని పూర్తిగా కాక 0.6 ఘాతంతో తీసుకుంటుంది. ఆ లెక్కన మన ఏడు శాతం కాస్తా నాలుగు దగ్గరికి దిగుతుంది. 80 హార్స్‌పవర్ పెట్రోలు జిప్సీకైతే మూడు హార్స్‌పవర్ పైచిలుకు. అదీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే. సగం తొక్కి నడిపేటప్పుడు థ్రాటిల్ గాలిని ఎలాగూ అడ్డుకుంటూనే ఉంటుంది. చల్లని గాలి ఇస్తే అదే వేగానికి కాలు కాస్త తక్కువ నొక్కుతాం, అంతే. మైలేజీ పెరుగుతుందని చెప్పి ఈ పైపులు అమ్మేవాళ్లను నేను నమ్మను.

క్వాలిస్ దగ్గరికి వస్తే కథ ఇంకా మారిపోతుంది. పెట్రోలు బండిలో కంప్యూటర్ గాలిని కొలిచి, దానికి తగినంత ఇంధనం పోస్తుంది. గాలి పెరిగితే పెట్రోలు పెరుగుతుంది, బలమూ పెరుగుతుంది. పాత డీజిల్‌లో కంప్యూటర్ లేదు. మన కాలు, ఇంజిన్ చుట్లను అదుపు చేసే గవర్నరు కలిసి చెప్పినంత డీజిల్‌ను పంపు కొలిచి పంపుతుంది. గాలి చల్లగా ఉందా, వేడిగా ఉందా అన్నది దానికి తెలియదు. గాలి పెరిగినా డీజిల్ అంతే. మరి లాభమేమిటి? మసి. పూర్తి లోడుతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు పాత డీజిల్ వెనక నల్లగా వచ్చేది ఆక్సిజన్ చాలక సగం కాలిన కార్బన్. గాలి చిక్కబడితే పొగ తగ్గుతుంది, అలా వృథా అయ్యే కొద్దిపాటి ఇంధనమూ పనికొస్తుంది. పెట్రోలు బండి నాలుగు శాతం కంటే ఇది తక్కువే. ఇక్కడే కొందరు మెకానిక్కులు రెండో అడుగు వేస్తారు. "హవా వచ్చింది కదా" అని పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచుతారు. బండి నిజంగానే గుంజుతుంది, పొగ కూడా తిరిగొస్తుంది. ఎగ్జాస్టు వేడి పెరిగి పిస్టన్లు, వాల్వుల ఆయుష్షు తరుగుతుంది. ఆ తర్వాత యజమాని ఊరంతా చెప్పుకునేది పైపు మహిమ గురించే.

వేగంగా వెళ్తుంటే ఎదురుగాలి పైపులోకి దూసుకొచ్చి ఇంజిన్‌ను నింపుతుందని ఇంకో నమ్మకం ఉంది. కొలిచి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల ఎదురుగాలి కలిగించే పీడనం దాదాపు 150 పాస్కల్. హైదరాబాదు వాతావరణ పీడనం 95,000 పాస్కల్. ఆరు వందల్లో ఒక వంతు. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి వంద మీద పోయినా అర శాతం కాదు. శాలిబండ నుంచి చార్మినార్ దాకా పాకే వేగానికి ఈ లెక్క వేయడం కూడా దండగ.

అలా పాకే వేగం దగ్గరే ఇంకో చిక్కుంది. నిమిషానికి 4000 చుట్లు తిరిగేటప్పుడు క్వాలిస్ ఇంజిన్ నిమిషానికి నాలుగు వేల లీటర్ల పైన గాలి పీలుస్తుంది. 75 మిల్లీమీటర్ల పైపులో ఆ గాలి సెకనుకు 16 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. మీటరు పొడవు పైపును సెకనులో పదహారో వంతులో దాటేస్తుంది. పైపు ఎంత వేడిగా ఉన్నా గాలికి అంటించే సమయం దొరకదు. అదే ఇంజిన్ మదీనా చౌరస్తా దగ్గర జామ్‌లో నిలబడి 750 చుట్లలో గురగుర లాడుతుంటే గాలి సెకనుకు మూడు మీటర్లే కదులుతుంది. పైపు ఒళ్లంతా వేడెక్కి ఉంటుంది, ఆ వేడి గాలికి ఎక్కుతుంది. అల్యూమినియం పైపు మెరుస్తుంది గానీ వేడిని బాగా చేరవేస్తుంది. ప్లాస్టిక్ ఆ విషయంలో మేలు. అలాగని ఇంటి డ్రైనేజీకి వాడే పీవీసీ పైపు ముక్క పెట్టేస్తే అది 80 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది. ఎగ్జాస్టు మానిఫోల్డు పక్క నుంచి దాన్ని లాగితే ఒక వేసవి గడవకముందే వంగి, జాయింటు వదులై, ఫిల్టరు దాటని దుమ్ము నేరుగా లోపలికి పోతుంది.

వీటన్నిటినీ మించిన మాయ ఒకటుంది, అది చెవిది. కంపెనీ డబ్బా పక్కన ఒక ఖాళీ గది వేలాడుతూ కనిపిస్తుంది. పనికిరానిదని పీకి పారేస్తారు. అది హెల్మ్‌హోల్ట్జ్ రెజొనేటర్. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పరిశోధించిన ధ్వని సూత్రం మీద పనిచేస్తుంది. ఇంజిన్ పీల్చేటప్పుడు పుట్టే హోరులో ఒక స్థాయి స్వరాన్ని మింగేస్తుంది. దాన్ని తీసేస్తే హోరంతా క్యాబిన్‌లోకి వస్తుంది. ఇంజిన్ గర్జిస్తే కాలి కింద బలం పెరిగినట్టే అనిపిస్తుంది. పైపు పెట్టించుకున్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు విన్నది బలం కాదు, చప్పుడు.

అందుకే కొలవాలి. ఖరీదైన డైనమోమీటరు అక్కర్లేదు. మొదటి పరికరం ఫ్రిజ్‌లోనో అక్వేరియంలోనో పెట్టే, వైరు చివర సెన్సర్ ఉన్న డిజిటల్ థర్మామీటరు. రెండు మూడు వందల్లో వస్తుంది. సెన్సర్‌ను ఫిల్టరు డబ్బా ముక్కు దగ్గర, అంటే గాలి లోపలికి పోయే చోట, లోపలికి జారిపోకుండా కట్టండి. వైరును డ్యాష్‌బోర్డు దాకా తెచ్చి ఒక రోజు మామూలుగా తిరగండి. బండి కదులుతున్నప్పుడు ఆ ముక్కు దగ్గర బయటి ఎండకన్నా ఐదారు డిగ్రీలే ఎక్కువ ఉంటే, కంపెనీవాళ్లు మీకు చల్లని గాలి ముందే ఇచ్చారన్నమాట. చాలా బండ్లలో ఆ ముక్కు ఫెండర్ లోపలికో, రేడియేటర్ పక్కకో తెరుచుకుని ఉంటుంది. అలాంటి డబ్బా తీసేసి బానెట్ కింద నగ్నంగా కోన్ ఫిల్టరు పెడితే మీరు చేసింది కోల్డ్ కాదు, హాట్ ఎయిర్ ఇన్‌టేక్. పాతబస్తీలోనే కాదు, ఎక్కడ చూసినా ఇంట్లో కట్టుకున్న పైపుల్లో ఎక్కువ భాగం ఇదే జాతి.

రెండో పరికరం ఇంకా చవక, నాకు ఇంకా ఇష్టం. సన్నని పారదర్శకమైన గొట్టాన్ని 'యు' ఆకారంలో చెక్క మీద కట్టి, సగం దాకా రంగు నీళ్లు పోయాలి. ఒక కొసను ఫిల్టరుకూ ఇంజిన్‌కూ మధ్య పైపులోకి తగిలించాలి, రెండోది గాలికి వదిలేయాలి. ఇంజిన్ పీలిస్తే ఒకవైపు నీళ్లు పైకి లేస్తాయి. రెండు మట్టాల మధ్య తేడాయే ఫిల్టరు, పైపులు కలిపి పెడుతున్న అడ్డంకి. గొట్టం సన్నగా, రెండు చేతులూ పొడవుగా ఉండాలి. నీళ్లు ఇంజిన్ లోపలికి పోకూడదు, ఎందుకన్నది చివర చెబుతాను. థ్రాటిల్ లేని పాత డీజిల్‌కు ఇక్కడ ఒక సౌకర్యముంది. లోడు ఉన్నా లేకపోయినా అవే చుట్లకు అది దాదాపు అంతే గాలి పీలుస్తుంది. కాబట్టి ఘాట్ ఎక్కనక్కర్లేదు, ఇంటి ముందే గేరు తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి 3000 చుట్లలో కొన్ని క్షణాలు ఉంచితే చాలు.

నీటి మట్టాల తేడా 25 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. పెద్ద అడ్డంకిలా కనిపిస్తుంది. నిజానికి అది 2,450 పాస్కల్, వాతావరణ పీడనంలో రెండున్నర శాతం. లారీ ఇంజిన్ల తయారీదారులు టర్బో లేని డీజిల్‌కు సాధారణంగా 50 సెంటీమీటర్ల దాకా ఒప్పుకుని, అది దాటితే ఫిల్టరు మార్చమంటారు. లారీ ఎయిర్ క్లీనర్ మీద ఎర్ర రంగు కనిపించే చిన్న సూచిక చేసే పని ఇదే. ఇప్పుడు పాత ఫిల్టరు తీసి, కొత్త పేపర్ ఫిల్టరు వేసి మళ్లీ కొలవండి. తేడా చాలావరకు పడిపోతే జబ్బు పైపులో లేదు. పైపు వ్యాసం 60 నుంచి 75 మిల్లీమీటర్లకు పెంచితే అందులో జరిగే నష్టం సగం కన్నా తక్కువకు దిగుతుంది, నిజమే. అయితే ఆ నష్టమే మొత్తం పీడనంలో వెయ్యికి మూడు వంతులు.

దుమ్ము గురించి మాత్రం తొందరపడి దాటిపోను. పాతబస్తీలో ఎప్పుడూ ఏదో ఒక మూల ఇల్లు కూలుస్తుంటారు, ఇంకో మూల రోడ్డు తవ్వుతుంటారు. ఆ దుమ్ములో ఇసుక, అంటే క్వార్ట్జ్ ఉంటుంది. సిలిండర్లు పోసిన కాస్ట్ ఐరన్ కంటే అది గట్టిది. పిస్టన్ రింగుకూ గోడకూ మధ్య ఆయిల్ పొర కొన్ని మైక్రాన్ల మందమే. ఆ సందులో ఇరుక్కునేంత సన్నని రేణువే ఎక్కువ గీకుతుంది. కంటికి కనిపించే దుమ్ముకన్నా కనిపించని దుమ్ము ప్రమాదం. మంచి పేపర్ ఫిల్టరు 99 శాతం పైన పట్టేస్తుంది. కాస్త దుమ్ము పేరుకున్న పేపరు కొత్తదానికన్నా బాగా వడకడుతుంది కూడా, పేరుకున్న పొరే రెండో జల్లెడగా మారుతుంది గనుక. వారం వారం ఫిల్టరు తీసి కంప్రెసర్‌తో ఎయిర్ కొట్టించే అలవాటు మానుకోండి. ఆ ఒత్తిడికి పేపరులో పడే సన్నని చిల్లులు బయటికి కనిపించవు. నూనె రాసిన కాటన్ కోన్ ఫిల్టర్లు గాలిని సులువుగా వదులుతాయి, దుమ్మునూ కొంచెం ఎక్కువే వదులుతాయి. రేస్ ట్రాక్ మీద అది లెక్కలోకి రాదు, మొఘల్‌పురాలో వస్తుంది. మన పాత జీపుల్లో నూనె గిన్నెతో ఉండే ఆయిల్ బాత్ ఫిల్టర్లు మట్టిరోడ్ల కోసం పుట్టినవే. వడకట్టడంలో పేపరుకు అవి సాటిరావు గనుక కనుమరుగయ్యాయి.

చట్టం మాట కూడా క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు అని ఉంది. గాలి పైపు పేరు ఎక్కడా రాయలేదు. కానీ పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవాలి. అప్పుడు బానెట్ ఎత్తి చూసే అధికారికి నచ్చజెప్పుకోవలసింది మీరే. పంపు స్క్రూ తిప్పిన బండైతే పొగ పరీక్షలో అక్కడే దొరికిపోతుంది. క్వాలిస్ వయసు డీజిళ్లకు పొగ మోతాదు 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు దాటకూడదు.

నా తీర్పు ఇది. మొఘల్‌పురాలో తిరిగే క్వాలిస్‌కు కంపెనీ డబ్బానే ఉంచండి. మూత చుట్టూ రబ్బరు సీలు ఎండిపోయి ఉంటుంది, దాన్ని మార్చండి. కొత్త పేపర్ ఫిల్టరు వేయండి. థర్మామీటరు చెప్పింది చెడ్డ వార్త అయితే డబ్బాకూ ఎగ్జాస్టుకూ మధ్య అల్యూమినియం రేకు ఒకటి బిగించి, డబ్బా ముక్కును మాత్రం గ్రిల్ వెనకకు పొడిగించండి. ఇంజిన్ తన మౌంటుల మీద ఊగుతుంది, ఫెండర్ ఊగదు. అందుకే మధ్యలో ఒక రబ్బరు జాయింటు తప్పనిసరి. ఇక ఆ ముక్కు హెడ్‌లైటు కన్నా కిందికి దిగకూడదు. చల్లని గాలి కోసం బంపర్ కిందికి దింపే వాళ్లున్నారు, ఈ ఊళ్లో అది చేయకూడని పని.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు వీధుల్లో కార్లు తేలాయి. అంత వాన అక్కర్లేదు. మామూలు జూలై జల్లుకే చాలా గల్లీల్లో మోకాలి లోతు నిలుస్తుంది. ఆ నీళ్లు పైపులోంచి ఇంజిన్‌లోకి పోతే ఏమవుతుందో చూడండి. క్వాలిస్ సిలిండరు ఒక్కోటి 611 సీసీ. డీజిల్ గనుక ఆ గాలిని ఇరవయ్యో వంతు కన్నా తక్కువకు నొక్కుతుంది. పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీ సుమారు 30 మిల్లీలీటర్లు. నీరు నొక్కితే నలగదు. అంతకు మించి నీళ్లు ఒక సిలిండర్లోకి వస్తే పిస్టన్ మధ్యలో ఆగిపోతుంది, వెనకున్న ఫ్లైవీల్ ఆగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు బీమా దీన్ని సాధారణంగా చెల్లించదు, ఇంజిన్ రక్షణ అని విడిగా తీసుకుని ఉండాలి, ఇరవై ఏళ్ల బండికి అది దొరకడం కష్టం. నీళ్లలో బండి ఆగిపోతే, పైపు ఏదైనా సరే, తాళం మళ్లీ తిప్పకండి. నలుగురిని పిలిచి ఎత్తుకు నెట్టించండి, ఫిల్టరు తీసి తడి ఉందేమో చూడండి. తడి ఉంటే గ్లో ప్లగ్గులు విప్పించి, సిలిండర్లలో నీళ్లు లేవని మెకానిక్ తేల్చిన తర్వాతే స్టార్ట్ చేయండి.